గలగలమనేది ఏదో తేలాకే స్పానర్ పట్టండి

సంపాదకులకు నమస్కారం.

పాత కారులో గలగల మొదలైతే "పాత బండి అన్నాక చప్పుడు చేయదా" అని పాటల సౌండు పెంచుకునేవాళ్లు కొందరు. షెడ్డుకు తీసుకెళ్లి షాక్ అబ్జార్బర్లు, లింక్ రాడ్లు, బుష్‌లు వరసపెట్టి మార్పించేవాళ్లు ఇంకొందరు. పాపం, ఈ రెండోవాళ్ల అవస్థే ఎక్కువ. బిల్లు కట్టి బయటికొచ్చిన మొదటి గుంతలోనే పాత చప్పుడు మళ్లీ పలకరిస్తుంది. వాహనాల పేజీల్లో కనిపించే సలహాలు కూడా చాలావరకు "ఫలానా భాగం మార్చండి" అనేదాంతోనే ఆగిపోతున్నాయి. మార్చడం పనిలో చివరి మెట్టు. అంతకుముందు చప్పుడును పట్టుకోవాలి. ఆ పట్టుకోవడం ఎలాగో చెప్పడానికే ఈ ఉత్తరం.

గలగల అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం. గట్టిగా అంటుకుని ఉండాల్సిన రెండు వస్తువులు వదులయ్యాయి, లేదా దూరంగా ఉండాల్సిన రెండు వస్తువులు తాకుతున్నాయి. ఇంతకుమించి ఏమీ లేదు. పాత బండిలో రబ్బరు ఎండి గట్టిపడుతుంది, రేకు బోల్టు చుట్టూ తుప్పు తిని రంధ్రం పెద్దదవుతుంది, ప్లాస్టిక్ క్లిప్పులో బిగువు పోతుంది. మందులు కూడా మూడే: బిగించడం, దూరం జరపడం, మధ్యలో మెత్తటిది పెట్టడం. అరిగిన భాగమైతేనే కొత్తది. ఏ మందు ఎక్కడ వేయాలో తెలియక బండినంతా విప్పడమే తప్పు.

అందరూ చేసే మొదటి పొరపాటు "చప్పుడు ఎక్కడి నుంచి వస్తోంది" అని చెవిని నమ్మడం. కారు బాడీ మొత్తం అతుకుపెట్టిన రేకు డొల్ల. ఎడమ చక్రం దగ్గర పుట్టిన టకటక రేకుల వెంట పాకి డ్రైవరు కాళ్ల దగ్గర వినిపించగలదు. డ్యాష్‌బోర్డులోదే అని ఒట్టేసి చెప్పిన చప్పుడు, తీరా చూస్తే ముందు అద్దం కింద వైపర్ల దగ్గరుండే ప్లాస్టిక్ పట్టీది అవుతుంది. కాబట్టి ముందు అడగాల్సింది "ఎప్పుడు" అని. ఆగి ఉన్నప్పుడు వస్తోందా, కదిలితేనేనా? గుంతల్లోనా, నున్నటి రోడ్డు మీదా? బ్రేకు తాకితే మారుతోందా? చల్లని ఇంజనుతోనా, కాగాకా? ఈ నాలుగింటికీ జవాబు దొరికితే వెతకాల్సిన చోటు బండంత నుంచి అరచేతంతకు కుదించుకుపోతుంది.

దానికన్నా ముందు బండి ఖాళీ చేయండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు, అనుభవమున్న మెకానిక్ కూడా మొదట చేసేది ఇదే. తలుపు జేబుల్లో చిల్లర, గ్లవ్ బాక్సులో కళ్లజోడు పెట్టె, సీటు కింద దొర్లే నీళ్ల సీసా, డిక్కీలో జాకీ, దాని రాడ్డు, స్టెప్నీ మధ్యలో బిగించే మర అన్నీ చూడాలి. ఎవరూ కూర్చోని సీట్ల బెల్టు నాలుక స్తంభం ప్లాస్టిక్‌కు కొట్టుకుంటుంది. వాటిని బకిల్‌లో పెట్టేయండి. వెనక సీట్ల హెడ్‌రెస్టులు కిందికి నొక్కండి. డిక్కీ తలుపు గట్టిగా వేసి వినండి. నంబరు ప్లేటు రేకు ఠపఠపమంటే, దాని వెనక నాలుగు మూలలా కాస్త ఫోమ్ ముక్కలు అంటిస్తే ఆ కథ అక్కడితో సరి. బ్యాటరీ బిగింపు పట్టీని కూడా చేత్తో కదిపి చూడాలి. బ్యాటరీ కదిలితే డొక్కుమనడం ఒక్కటే కాదు, టెర్మినల్ ఇనుముకు తగిలి షార్టయ్యే ప్రమాదం ఉంది.

ఇక పరీక్షలు. మొదటిది బండి నిలబెట్టి చేసేది. హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్‌లో ఉంచి, ఒకరు లోపల కూర్చుని రేసు మెల్లమెల్లగా 800 నుంచి 3,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దాకా పెంచాలి. ఇంకొకరు బయట తిరుగుతూ వినాలి. ఒక వేగం దగ్గర మాత్రమే జర్రుమని మోగి, అది దాటగానే ఆగిపోతే అది పల్చటి రేకు పని. ప్రతి రేకుకూ తనదైన ఊగు ఒకటి ఉంటుంది. నాలుగు సిలిండర్ల ఇంజను ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు పేలుతుంది, అంటే 1,800 ఆర్‌పీఎం దగ్గర సెకనుకు 60 తోపులు. రేకు ఊగు దానితో కలిసిందా, మోత మొదలు. 2,100 దగ్గర అదే రేకు నోరు మూసుకుంటుంది. అందుకే యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే ఈ చప్పుడు దొరకదు, నిదానంగా ఎక్కించాలి.

ఈ రకంలో నూటికి ఎన్నని చెప్పలేం గానీ, పాత బండ్లలో ముందు చూడాల్సింది సైలెన్సర్ గొట్టం మీదా, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ మీదా ఉండే వేడి అడ్డు రేకులు. బండి ఆపాక కనీసం రెండు గంటలు చల్లారనివ్వండి. గట్టి సమనేల మీద, చక్రాలకు అడ్డాలు పెట్టి, జాకీతో లేపి, స్టాండ్ల మీద కూర్చోబెట్టాకే కిందికి దూరాలి. జాకీ ఒక్కదాన్ని నమ్ముకుని బండి కింద పడుకోవడం ఎంతటివాడికైనా తగదు. మందపాటి గ్లవ్ వేసుకుని పిడికిలితో ప్రతి రేకునూ తట్టండి. బాగున్నది డబ్ అంటుంది, వదులైంది జలజలమంటుంది. దాన్ని పట్టుకుని బోల్టు తల చుట్టూ చూస్తే సంగతి తేటపడుతుంది. బోల్టు గట్టిగానే ఉంటుంది, దాని చుట్టూ ఉన్న రేకు తుప్పు తినేసి రంధ్రం బోల్టు తలకన్నా పెద్దదైపోయి ఉంటుంది. ఇక ఆ బోల్టును ఎంత బిగిస్తే మాత్రం ఏం లాభం, పట్టుకోవడానికి రేకే లేదు.

ఇక్కడ కావలసింది పెద్ద వాషరు. ఈ రేకులకు సాధారణంగా 6 ఎంఎం బోల్టులు, 10 ఎంఎం స్పానర్ పట్టే తల ఉంటాయి. రంధ్రం 6 ఎంఎం, బయటి వ్యాసం 25 నుంచి 30 ఎంఎం ఉన్న వెడల్పాటి వాషరు వేస్తే చుట్టూ మిగిలిన మంచి రేకును అది అదిమిపట్టుకుంటుంది. తుప్పు పట్టిన బోల్టు విప్పేముందు తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా నానబెట్టండి. నానకముందే బలప్రయోగం చేస్తే తల తెగి, మిగతా ముక్క నేల రేకులోనే ఉండిపోతుంది. గొట్టాన్ని చుట్టుకుని ఉండే రకం రేకుకు బోల్టు పట్టు పూర్తిగా పోయి ఉంటే, రేకునూ గొట్టాన్నీ కలిపి స్టెయిన్‌లెస్ స్టీలు హోస్ క్లిప్పుతో చుట్టి బిగించవచ్చు. క్లిప్పు మర ఉన్న భాగం గొట్టానికి పక్కకు రావాలి. అడుగున ఉంటే స్పీడ్ బ్రేకరుకు తగిలి ఊడుతుంది. ప్లాస్టిక్ జిప్ టై మాత్రం మొదటి ప్రయాణంలోనే కరిగి రాలిపోతుంది.

"ఆ రేకు పీకి పారేస్తే పోలా" అనే మాట తరచూ వినిపిస్తుంది. పోదు. కన్వర్టర్ పనిచేసేటప్పుడు లోపల 400 నుంచి 800 డిగ్రీల సెల్సియస్ దాకా వేడి ఉంటుంది. ఆ రేకు లేకపోతే ఆ వేడి నేరుగా నేల తివాచీకి, పెట్రోలు పైపులకు, హ్యాండ్ బ్రేకు తీగకు తగులుతుంది. ఎండుగడ్డి మీద బండి ఆపితే నిప్పు అంటుకునే అవకాశమూ ఉంది. చప్పుడు పోగొట్టుకోవడానికి చెల్లించే ధర కాదది.

రేకులన్నీ గట్టిగానే ఉన్నా మోత ఆగకపోతే కన్వర్టర్‌నే రబ్బరు సుత్తితో మెల్లగా తట్టండి, చల్లగా ఉన్నప్పుడే. రాళ్లు వేసిన డబ్బా ఊపినట్టు వినిపిస్తే లోపలి పింగాణీ తేనెపట్టు విరిగింది. దెబ్బ తగలడం వల్ల విరగొచ్చు. ఎక్కువగా ఇంజను మిస్ అవుతూ కాలని పెట్రోలు అందులోకి వచ్చి కాలడం వల్ల విరుగుతుంది. ముక్కలు వెనక్కి కొట్టుకుపోయి సైలెన్సర్‌ను మూసేస్తే బండి లాగదు. ఇక్కడ చాలామంది కొత్త కన్వర్టర్ వేసి మిస్‌ఫైర్‌ను వదిలేస్తారు. ప్లగ్గులు, కాయిళ్లు చూసుకోకుండా వేస్తే కొత్తదీ పాతదాని దారే పడుతుంది. సైలెన్సర్ డబ్బాను కూడా అలాగే తట్టి చూడాలి. లోపలి అడ్డు రేకు ఊడితే దానికి రిపేరు లేదు, డబ్బా మార్చాల్సిందే.

సైలెన్సర్ వేలాడే రబ్బరు వలయాలు ఎండి సాగిపోతే గొట్టం కిందికి దిగి ఏదో ఒక అడ్డపట్టీకి కొట్టుకుంటుంది. చల్లారాక గొట్టాన్ని చేత్తో అన్ని వైపులా ఊపండి. ఎటు ఊపినా ఇంకో ఇనుముకు వేలెడు సందు ఉండాలి. తాకిన చోట తుప్పు గీరుకుపోయి మెరుస్తూ ఉంటుంది, దానికన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు. కొత్త రబ్బరు ఎక్కించడానికి సబ్బు నీళ్లు చాలు. గ్రీజు, ఇంజనాయిలు రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది. రబ్బర్లు బాగానే ఉండి గొట్టం మాత్రం ఒక పక్కకు ఒరిగి ఉంటే ఇంజనును మోసే రబ్బరు దిమ్మె, అంటే ఇంజన్ మౌంటింగ్, కుంగిందేమో చూడాలి. స్టార్ట్ చేసేటప్పుడు, ఆపేటప్పుడు ఇంజను పెద్దగా కుదుపునిస్తే అనుమానం ఖాయం చేసుకోవచ్చు.

నిలబెట్టి చేసే పరీక్షలో దొరికేవన్నీ వదులు రేకులే కావు. చల్లని ఇంజను స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు పొడిగా గరగరలాడి ఆగిపోతే, టైమింగ్ చైను ఉన్న ఇంజనులో ఆయిల్ ఒత్తిడి అందేదాకా చైనును బిగువుగా ఉంచే టెన్షనర్ వదులుగా ఉందని అర్థం. ఆయిల్ మట్టం, గ్రేడు, ఫిల్టరు వెంటనే చూడాలి. అది రోజురోజుకూ పొడుగవుతుంటే ఆగకూడదు, చైను పళ్లు దాటితే వాల్వులు, పిస్టన్లు గుద్దుకోవచ్చు. న్యూట్రల్‌లో వచ్చే గరగర క్లచ్ తొక్కగానే ఆగితే గేర్ బాక్సు ముందు షాఫ్టు బేరింగో, ఫ్లైవీలో. క్లచ్ తొక్కితేనే మొదలైతే క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్. ఎత్తు ఎక్కుతూ పెద్ద గేరులో తొక్కినప్పుడు గాజుగోళీలు రాలినట్టు వినిపించి, కాలు తీయగానే మాయమైతే అది ఏ వస్తువూ వదులవడం వల్ల కాదు. ఇంధనం వేళ తప్పి పేలుతోంది. చిన్న గేరుకు మారి, పెట్రోలు రకం, ఇగ్నిషన్ టైమింగ్, ఇంజను వేడి చూడండి. లోతుగా డబడబమని, పైగా ఆయిల్ లైటు కూడా వెలిగితే మాత్రం పరీక్షలేమీ వద్దు, ఇంజను అక్కడికక్కడే ఆపేయాలి.

ఆగి ఉన్నప్పుడు నిశ్శబ్దంగా ఉండి గుంతల్లోనే మోగే బండ్లది వేరే లెక్క. వాహనాలు తిరగని, చిన్న చిన్న గతుకులున్న రోడ్డు మీద 15 నుంచి 20 కిలోమీటర్ల వేగంలో కిటికీలు దించి వెళ్లండి. నడిపేవారు నడపడమే చేయాలి, వినడానికి ఇంకొకరు ఉండాలి. పక్కన గోడ ఉంటే ఇంకా మేలు, చప్పుడు దానికి తగిలి తిరిగొస్తుంది. గలగల వస్తున్నప్పుడు బ్రేకు పెడల్ మీద కాలు ఊరికే ఆనించండి, వేగం తగ్గేంత కాదు, ప్యాడ్లు డిస్కును తాకేంత. చప్పుడు చటుక్కున ఆగిపోయిందా, సస్పెన్షన్ (షాక్ అబ్జార్బర్లు, లింకులు వగైరా) జోలికి వెళ్లనక్కర్లేదు. డిస్కును రెండు వైపులా నొక్కే కాలిపర్‌లో ప్యాడ్లు ఆడుతున్నాయి. వెనక డ్రమ్ముల కోసమైతే హ్యాండ్ బ్రేకు బటన్ నొక్కిపట్టుకునే ఒకటి రెండు పళ్లు లాగి చూడండి. ఖర్చులేని ఈ ఒక్క పరీక్ష చేయనందుకే ఎన్నో మంచి షాక్ అబ్జార్బర్లు పాతసామానులోకి పోతున్నాయి.

ప్యాడ్లు ఆడటానికి మామూలుగా ఉండే కారణం, వాటి చెవులు కూర్చునే చోట ఉండాల్సిన పల్చటి స్టీలు స్ప్రింగు క్లిప్పులు. కిందటిసారి ప్యాడ్లు మార్చినప్పుడు వాటిని పారేసి ఉంటారు, లేదా బిగువు పోయిన పాతవే తిరిగి పెట్టి ఉంటారు. ప్యాడ్లతో పాటు కొత్త క్లిప్పులూ వేయాలి. వేసే ముందు బ్రాకెట్ గాడిలోని తుప్పు తీగ బ్రష్షుతో గీరేయాలి, లేకుంటే క్లిప్పు పైకి లేచి ఈసారి ప్యాడ్డు ఇరుక్కుంటుంది. కాలిపర్ జారే పిన్నులు రెండూ బయటికి లాగి తుడిచి, సిలికాన్ బ్రేకు గ్రీజు పల్చగా రాయాలి. మామూలు పెట్రోలియం గ్రీజు పిన్ను రబ్బరు తొడుగును ఉబ్బిస్తుంది. చాలా బండ్లలో ఈ రెండు పిన్నులూ ఒకేలా ఉండవు, పైది పైనే, కిందిది కిందే. తారుమారు చేస్తే కాలిపర్ సరిగా జారదు, ప్యాడ్లు ఏటవాలుగా అరుగుతాయి. బ్రేకుల పని చేయడం రానివాళ్లు ఇక్కడ చేయి పెట్టకపోవడమే మంచిది.

బ్రేకు తాకినా ఆగని టకటక, ముఖ్యంగా ఒక చక్రమే గుంతలో పడినప్పుడు వచ్చేది, చాలాసార్లు స్టెబిలైజర్ లింక్ రాడ్డుది, అంటే బండి ఒరగకుండా ఆపే అడ్డ బారును చక్రం వైపు కలిపే చిన్న రాడ్డుది. దాని రెండు చివర్లా గోళీ కీళ్లు ఉంటాయి. దుమ్ము తొడుగు చిరిగి నీళ్లు, ఇసుక చేరితే కీలు ఆడటం మొదలవుతుంది. పరీక్షించేటప్పుడు ఒక చక్రాన్నే లేపితే బారు మెలితిరిగి లింకును లాగిపట్టి ఉంచుతుంది, పూర్తిగా అరిగిన కీలు కూడా గట్టిగా ఉన్నట్టే కనిపిస్తుంది. రెండు చక్రాలూ నేలమీద ఉండగా షెడ్డులోని గుంటలో దిగి చూడాలి, లేదా రెండింటినీ సమంగా లేపాలి. అప్పుడు లింకును చేత్తో పట్టి గబగబా ఊపితే కీలులో చిన్న క్లిక్ వేలికి తెలుస్తుంది. ఇంకా అనుమానమైతే రెండు వైపులా లింకులు విప్పి, బారు దేనికీ తగలకుండా కట్టేసి, అదే రోడ్డు మీద బాగా నెమ్మదిగా ఒకసారి పోయి రావాలి. చప్పుడు పోతే దొంగ లింకో, బారు బుష్షో. లింకులు లేని బండి మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుందని గుర్తుంచుకుని, పరీక్ష అవగానే బిగించేయాలి.

కొత్త లింకు బిగించేటప్పుడు గోళీ కాడ నట్టుతో పాటు తిరుగుతుంది. కాడ చివర అలెన్ కీ పెట్టో, వెనక పల్చటి స్పానర్ పెట్టో ఆపి బిగించాలి. గాలి గన్నుతో కొట్టేస్తే కాడ గిర్రున తిరిగి కొత్త తొడుగు మొదటి రోజే చిరుగుతుంది. ఆ కారణంగా ఏడాది తిరక్కుండానే లింకులు మళ్లీ టకటకలాడుతుంటే, తిట్లు విడిభాగం కంపెనీకి పడుతున్నాయి.

చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి, అంటే లోయర్ ఆర్మ్, బుష్‌ల విషయంలో ఇలాంటిదే ఇంకో తప్పు జరుగుతుంది. ఈ బుష్‌లో రబ్బరు లోపలి, బయటి ఇనుప గొట్టాలకు అతుక్కుని ఉంటుంది, జారదు, మెలితిరుగుతుంది. చక్రం గాల్లో వేలాడుతుండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తే, బండి దించాక ఆ రబ్బరు ఎప్పుడూ మెలిపడే ఉంటుంది. కొన్నాళ్లకే చిరిగిపోతుంది. బోల్టు వేలితో పట్టేంత వేసి, బండి బరువు చక్రాల మీద పడ్డాక అప్పుడు బిగింపు బలం (టార్క్) కొలిచే రెంచ్‌తో బిగించాలి. ఎంత టార్క్ అన్నది ఆ మోడల్ మాన్యువల్లో చూసే వేయాలి, అందాజా లెక్క ఇక్కడ పనికిరాదు.

ఆ ఆర్మ్‌ను చక్రానికి కలిపే బాల్ జాయింట్ మాత్రం చప్పుడు సంగతి కాదు, ప్రాణం సంగతి. చక్రం లేపి గడియారంలో 12, 6 అంకెలున్నట్టు పైనా కిందా పట్టి ఊపండి. ఆడితే బాల్ జాయింట్ గానీ వీల్ బేరింగ్ గానీ అయి ఉండాలి. ఎవరైనా బ్రేకు తొక్కి పట్టుకున్నా ఆట తగ్గకపోతే అనుమానం బాల్ జాయింట్ మీదికి పోతుంది. 9, 3 దగ్గర పట్టి ఊపితేనే ఆడితే అది చాలావరకు స్టీరింగ్‌ను చక్రానికి కలిపే టై రాడ్ ఎండ్. బాల్ జాయింట్ ఊడితే చక్రం పక్కకు పడిపోతుంది, కనుక దొరికిన రోజే మార్చాలి. అదే పనిలో స్ప్రింగు అడుగు చుట్టు చివరను టార్చి వేసి చూడండి. చివరి అర చుట్టు విరిగి గిన్నెలో కూర్చుని ఠంగుమంటూ ఉండొచ్చు, బండి ఎత్తులో తేడా కూడా తెలియనివ్వదు. ఆ ముక్క మొన టైరును కోసే ప్రమాదం ఉంది. నిలబెట్టి స్టీరింగ్ తిప్పితే స్ప్రింగు ఠంయ్యిమని కొట్టుకుంటే స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసి ఉండే స్తంభం) పైభాగంలోని మౌంటింగ్ బేరింగ్ అరిగింది.

చక్రంతో పాటు తిరిగే చప్పుడును లెక్కపెట్టి పట్టుకోవచ్చు. 185/65 ఆర్15 టైరు ఒక చుట్టుకు సుమారు 1.95 మీటర్లు పోతుంది. 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు, అంటే సెకనుకు ఐదు చుట్లు. చప్పుడు ఆ లెక్కలో పడి, అదే వేగంలో గేరు మార్చినా లయ మారకపోతే ఇంజనును వదిలేయండి. వీల్ కప్పులో రాయి, డిస్కు వెనక రేకుకూ డిస్కుకూ మధ్య ఇరుక్కున్న కంకర, వంగిన రేకు, వదులైన చక్రం నట్టు, వీటిలో ఒకటి. నిజానికి నట్లు అన్నింటికన్నా ముందే చూడాలి. నక్షత్రం వరసలో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించి, 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడాలి. ఆ మరలకు నూనె రాయకూడదు. పూర్తిగా స్టీరింగ్ తిప్పి కదిలినప్పుడే టక్ టక్ అంటే అది చక్రాన్ని తిప్పే యాక్సిల్ బయటి కీలు, అంటే సీవీ జాయింట్.

లోపలి చప్పుళ్లు ప్రమాదం కాదు గానీ ఓపిక పరీక్షిస్తాయి. ప్లాస్టిక్ వేడికి ఉక్కుకన్నా కొన్ని రెట్లు ఎక్కువ సాగుతుంది. అందుకే పొద్దున్నే కిచకిచమన్న డ్యాష్‌బోర్డు మధ్యాహ్నం ఎండలో మెకానిక్ ముందు మూగనోము పడుతుంది. ఏ వేళ వస్తుందో ఆ వేళకే చూపించాలి. పక్కన కూర్చున్నవారు ఒక్కో ప్లాస్టిక్ ముక్కను వేళ్లతో నొక్కి, ఎక్కడ నొక్కితే ఆగుతుందో మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టాలి. ఇంకో చిట్కా ఉంది. బండి ఆపి, ఫోనులో టోన్ జనరేటర్ పెట్టి, కారు స్పీకర్ల ద్వారా 40 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచండి, సౌండు మితంగా. తలుపు ప్యానెళ్లలో వదులుగా ఉన్నవి ఒక్కొక్కటే తమ వంతు రాగానే మోగుతాయి, రోడ్డెక్కాల్సిన పనే లేదు.

తలుపులో మోత అద్దం సగం దించినప్పుడే వస్తే అద్దం జారే గాడిలోని ఫెల్టు అరిగింది, లేదా రెగ్యులేటర్ క్లిప్పు విరిగింది. అద్దం ఎలా ఉన్నా వస్తే తాళం రాడ్డుకుండే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు చూడండి. తలుపు కొక్కెం పడే యు ఆకారపు ఇనుముకు గుడ్డ టేపు ఒక్క చుట్టు చుట్టి నడిపితే కిర్రు ఆగిందంటే దోషం అక్కడే, టేపు తీసి గ్రీజు రాయండి. బానెట్ కింద మూలల్లో తిప్పితే ఎత్తు మారే రబ్బరు దిమ్మెలుంటాయి. దిమ్మె మీద కాగితం ముక్క పెట్టి బానెట్ వేసి లాగండి, సులువుగా వచ్చేస్తే ఆ దిమ్మెను ఒక చుట్టు పైకి తిప్పాలి.

మెత్తటిది పెట్టేటప్పుడు కూడా తేడా తెలియాలి. రాసుకునే చోట ఫెల్టు టేపు, ఖాళీ సందు నింపాల్సిన చోట నీరు పీల్చని ఫోమ్. రాపిడిలో ఫోమ్ పెడితే కొన్నాళ్లకు నలిగి పొడవుతుంది. ముందు ఆల్కహాలుతో తుడవకపోతే రెండూ ఊడిపోతాయి. డబ్బాలో వచ్చే ఉబ్బే ఫోమ్‌ను తలుపుల్లోకి, గుమ్మాల్లోకి కొట్టించే పద్ధతి ఒకటి బయల్దేరింది, దయచేసి వద్దు. అది నీళ్లు పోయే రంధ్రాలను మూసేస్తుంది, లోపల తడి నిలిచి రేకు తుప్పు తింటుంది. మర వదులవకుండా రాసే లాకింగ్ ద్రవం కూడా ఇనుము మరలకే. ఏబీఎస్ లాంటి ప్లాస్టిక్‌కు తగిలితే అక్కడ పగుళ్లు పుడతాయి. ముందు స్తంభాల ప్లాస్టిక్ వెనక ఏదీ కుక్కకండి, కర్టెన్ ఎయిర్ బ్యాగు ఉన్న బండ్లలో అది విచ్చుకునే దారి అదే. పసుపు రంగు కనెక్టర్ కనిపించిందంటే అది ఎయిర్ బ్యాగుది, దాన్ని ముట్టుకోకుండా పని తెలిసినవారికి అప్పగించండి.

చివరగా మీకొక విన్నపం. వాహనాల మీద పాఠకుల ప్రశ్నలు వేసేటప్పుడు "నా కారులో ముందు వైపు చప్పుడు వస్తోంది, ఏం మార్చాలి" అన్నంతవరకే అచ్చువేస్తే నిపుణుడు కూడా గాల్లో రాయి విసరాల్సిందే. "పొద్దున చల్లగా ఉన్నప్పుడు, 20 వేగంలో, గతుకుల మీద, బ్రేకుకు కాలు ఆనిస్తే ఆగుతోంది" అని రాయమనండి. ఆ ఒక్క వాక్యం చదివి ప్యాడ్ల క్లిప్పులు విప్పి చూడమని చెప్పవచ్చు. షెడ్డుకు వెళ్లేవాళ్లు కూడా అదే వాక్యం చీటీ మీద రాసుకుని, మెకానిక్‌ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి వినిపించాలి. పని అయ్యాక డబ్బు కట్టేముందు అదే రోడ్డు, అదే వేగం, అదే వేళ.

ఇట్లు,
బండ్ల పని తెలిసిన పాఠకులు